స్కూల్లో ‘పేరు లేకుండా హెచ్‌ఐవీ పరీక్ష’ చేస్తామంటే ఏం చేయాలి? సరిహద్దు జిల్లాల టీచర్లకు, తల్లిదండ్రులకు

ఒడిశాలోని రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి వైపు నుంచి, అటు మహారాష్ట్రలోని సిరొంచ, రాజురా, దెగ్లూర్ నుంచి కూడా టీచర్లు తరచూ అడిగే ప్రశ్న ఒకటుంది. ‘ఎవరో సంస్థ వాళ్లు వచ్చి తొమ్మిది, పది తరగతుల పిల్లలకు హెచ్‌ఐవీ పరీక్ష చేస్తామంటున్నారు. పేర్లు రాసుకోరట, ఎవరికీ తెలియదట. ఒప్పుకోవచ్చా?’ తల్లిదండ్రులు ఇదే విషయాన్ని ఇంకోలా అడుగుతారు. ‘సంతకం పెట్టమని స్కూలు నుంచి కాగితం వచ్చింది. పెట్టాలా, వద్దా?’

నా సమాధానం ముందే చెప్పేస్తాను. స్కూల్లో అయితే ఒప్పుకోవద్దు. పేరు తీసేస్తే పరువు దక్కుతుందేమో గానీ, పాజిటివ్ వచ్చిన బిడ్డకు మందు దక్కదు. మన దేశంలో 2004 ఏప్రిల్ నుంచి ప్రభుత్వ ఏఆర్‌టీ కేంద్రాల్లో, అంటే హెచ్‌ఐవీ చికిత్స కేంద్రాల్లో, ఈ మందులు ఉచితంగా ఇస్తున్నారు. మానకుండా వాడితే ఆ పిల్లలు అందరిలాగే చదువుకుంటారు, ఉద్యోగం చేస్తారు, పెళ్లి చేసుకుని ఆరోగ్యమైన పిల్లల్ని కంటారు. ఇంత మంచి మందు ఉన్న రోజుల్లో ఒక బిడ్డ రక్తంలో వైరస్ ఉందని కనిపెట్టి, ఆ బిడ్డకు చెప్పకుండా లెక్క రాసుకుని వెళ్లిపోవడం తప్పు. అయితే వచ్చినవాళ్లను ఊరికే కాదని పంపేయడం కన్నా, ఏం అడగాలో, ఏం చూడాలో తెలిసి మాట్లాడితే మీ మాటకు బలం ఉంటుంది. దాని కోసమే ఇది.

దగ్గర ఉంచుకోవలసినవి

- వచ్చినవాళ్ల ప్రతిపాదన, లెటర్‌హెడ్ మీద, సంతకంతో. నోటిమాట చాలదు.
- పరిశోధన అంటే ఎథిక్స్ కమిటీ అనుమతి కాపీ. మనుషుల మీద చేసే పరిశోధన సరైనదో కాదో చూసే కమిటీ అది.
- జిల్లా విద్యాశాఖ నుంచి, జిల్లా ఎయిడ్స్ నియంత్రణ విభాగం నుంచి రాతపూర్వక అనుమతి. ఒడిశాలోనూ మహారాష్ట్రలోనూ రాష్ట్ర ఎయిడ్స్ నియంత్రణ సొసైటీలు ఉన్నాయి. వాళ్లకు తెలియకుండా ఇలాంటి పని జరగకూడదు.
- పిల్లల ఇంట్లో మాట్లాడే భాషలో సమ్మతి పత్రం.
- దగ్గరలోని ఐసీటీసీ చిరునామా, అక్కడి కౌన్సెలర్ ఫోన్ నంబరు. ఐసీటీసీ అంటే ప్రభుత్వాసుపత్రిలో ఉచితంగా, గోప్యంగా హెచ్‌ఐవీ కౌన్సెలింగ్, పరీక్ష చేసే గది.
- 1097. ఇది హెచ్‌ఐవీ మీద దేశమంతటికీ ఉన్న ఉచిత హెల్ప్‌లైన్.

1. ఇది ఏ రకం పరీక్షో ముందు తేల్చుకోండి

‘పేరు లేకుండా’ అన్న మాట కింద వేర్వేరు పనులు నడుస్తాయి. వచ్చినవాళ్లను ఒక్క ప్రశ్న అడగండి: ‘ఒక బిడ్డకు పాజిటివ్ వస్తే, ఆ బిడ్డ ఎవరో మీకు తెలుస్తుందా?’

‘మాకూ తెలియదు’ అంటే అది సర్వే. రక్తం చుక్కకూ పేరుకూ సంబంధం పూర్తిగా తెగిపోతుంది. శాతం ఎంతో తేలుతుంది, పిల్లవాడికి మాత్రం ఏమీ అందదు. ‘కోడ్ నంబరు ఇస్తాం, అది చెప్పి ఫలితం తెలుసుకోవచ్చు’ అంటే రెండో రకం. వినడానికి బాగానే ఉంటుంది. కానీ పదిహేనేళ్ల పిల్ల ఒంటరిగా ఒక నంబరు చెప్పి ‘పాజిటివ్’ అన్న మాట విని, ఇంట్లో ఎవరికీ చెప్పుకోలేక ఆ రాత్రి ఎలా గడుపుతుందో ఆలోచించండి. ‘పేరు రాసుకుంటాం, బయటపెట్టం’ అంటే అది గోప్యమైన పరీక్ష. ఐసీటీసీలో జరిగేది ఇదే. పద్ధతి సరైనదే. కాకపోతే దానికి చోటు ఆసుపత్రిలోని కౌన్సెలర్ గది, తరగతి గది కాదు.

2. చట్టం పేరు చెబితే కంగారు పడకండి

కొందరు ‘పేరు లేని పరీక్షకు సమ్మతి అక్కర్లేదని చట్టంలోనే ఉంది’ అంటారు. సగం నిజం. 2017 నాటి హెచ్‌ఐవీ, ఎయిడ్స్ నివారణ, నియంత్రణ చట్టం 2018 సెప్టెంబరు 10 నుంచి అమల్లో ఉంది. అందులో 5వ సెక్షన్ ప్రకారం, విషయం పూర్తిగా తెలిసి ఇచ్చిన సమ్మతి లేకుండా ఎవరికీ హెచ్‌ఐవీ పరీక్ష చేయకూడదు. పరీక్షకు ముందూ తర్వాతా కౌన్సెలింగ్ ఉండాలి. 6వ సెక్షన్‌లో కొన్ని మినహాయింపులు ఉన్నాయి. ఫలానా మనిషికి ఉందా లేదా అని తేల్చడానికి కాకుండా, వ్యాధి ఎంత ఉందో అంచనా వేయడానికి పేరు లేకుండా చేసే పరీక్ష వాటిలో ఒకటి. అప్పుడు కూడా ఎందుకు చేస్తున్నారో ఆ మనుషులకు చెప్పి తీరాలి. ఈ చివరి వాక్యాన్ని చాలామంది చదవరు.

ఇంకో సంగతి. దేశంలో ప్రభుత్వం క్రమం తప్పకుండా చేసే హెచ్‌ఐవీ సర్వేలు గర్భిణుల్లో, ఖైదీల్లో, వలస కార్మికుల్లో, లారీ డ్రైవర్లలో, ముప్పు ఎక్కువ ఉన్న కొన్ని వర్గాల్లో జరుగుతాయి. స్కూలు పిల్లలు ఆ జాబితాలో లేరు. కాబట్టి ‘ప్రభుత్వ సర్వే’ అంటూ ఎవరైనా మీ గడపలోకి వస్తే జిల్లా అధికారికి ఫోన్ చేసి కనుక్కోండి.

అదే చట్టం 3వ సెక్షన్ ప్రకారం హెచ్‌ఐవీ ఉందని స్కూల్లో చేర్చుకోకపోవడం, పంపించేయడం, వేరుగా చూడడం నేరుగా నిషేధం. ఆ రక్షణ వ్యాధి ఉన్నవాళ్లకే కాదు, వాళ్లతో ఒకే ఇంట్లో ఉండేవాళ్లకు కూడా వర్తిస్తుంది. తండ్రికి ఉందని తెలిసి కొడుకును వెనక బెంచీకి పంపడం కూడా ఇందులోకే వస్తుంది.

3. పిల్లల్ని లెక్కపెట్టండి

పేరు రాయకపోతే గుట్టు దాగుతుందనుకోవడం పెద్ద పొరపాటు. పట్నంలో వేల మందిలో దాగుతుందేమో. మన వైపు స్కూళ్లలో పదో తరగతిలో ముప్పై మంది, అందులో అమ్మాయిలు పన్నెండు మంది, హాస్టల్‌లో ఉండేవాళ్లు నలుగురు. ఫారంలో ‘ఆడ, 15 ఏళ్లు, హాస్టల్, తండ్రి వలస’ అని నాలుగు గడులు నింపితే ఆ అమ్మాయి ఎవరో బడిలో బంట్రోతు కూడా చెప్పేస్తాడు.

ఇలా చూసుకోండి. వాళ్లు అడిగే వివరాలన్నీ ఒక కాగితం మీద రాయండి. ఒక్కో కలయికలో మీ స్కూల్లో ఎంతమంది ఉన్నారో హాజరు పట్టీ పెట్టుకుని లెక్కపెట్టండి. ఏ గడిలోనైనా ఇద్దరు ముగ్గురే ఉంటే అది పేరు రాసినట్టే.

కోడ్ చీటీల సంగతి కూడా చూడండి. పిల్లల్ని హాజరు పట్టీ వరుసలో పిలిచి 1, 2, 3 అని చీటీలు ఇస్తే 17వ చీటీ ఎవరిదో క్లాసు టీచరుకు వెంటనే తెలిసిపోతుంది. ఆ రోజు రానివాళ్ల పేర్ల మీద, ‘వద్దు’ అన్నవాళ్ల పేర్ల మీద మధ్యాహ్న భోజనం వేళకే గుసగుసలు మొదలవుతాయి. పరీక్షలో ఏమీ తేలకపోయినా ఆ పిల్లల మీద ముద్ర పడిపోతుంది.

4. సమ్మతి ఎవరు ఇస్తున్నారో, ఏ భాషలో ఇస్తున్నారో చూడండి

మన జిల్లాల్లో పని ఎక్కువగా చెడేది ఇక్కడే. స్కూలు ఒడియాలోనో మరాఠీలోనో నడుస్తుంది. ఇల్లు తెలుగులో నడుస్తుంది. తండ్రి సూరత్‌లో మగ్గం మీద, తల్లి ఇటుక బట్టీలో. ఇంట్లో నాయనమ్మ. అబ్బాయి సంచిలోంచి ఒడియా అక్షరాల కాగితం తీసి ఇస్తాడు. ‘ఏంట్రా ఇది’ అంటే ‘స్కూలు కాగితం’ అంటాడు. స్కాలర్‌షిప్ అనుకుని ఆవిడ వేలిముద్ర వేస్తుంది. మర్నాడు ఆ వేలిముద్రే ‘తల్లిదండ్రుల సమ్మతి’ అయి ఫైలులో కూర్చుంటుంది.

ఇవి లేకుండా ముందుకు వెళ్లనివ్వకండి:

- 18 ఏళ్లు నిండని పిల్లలకు తల్లిదండ్రుల లేదా చట్టప్రకారం సంరక్షకుల సమ్మతి. భారత వైద్య పరిశోధన మండలి 2017 మార్గదర్శకాల ప్రకారం, పరిశోధన అయితే 12 నుంచి 18 ఏళ్ల పిల్లల నుంచి కూడా రాతపూర్వక అంగీకారం తీసుకోవాలి. తల్లి సరే అన్నా బిడ్డ వద్దంటే వద్దే.
- కాగితం తెలుగులో ఉండాలి. చదవలేనివాళ్లకు పైకి చదివి వినిపించాలి. ఆ చదివే మనిషి ఆ సంస్థ మనిషి కాకూడదు.
- హెడ్‌మాస్టరో, ఆశ్రమశాల వార్డెనో అందరి తరఫున పెట్టే ఒక్క సంతకం సమ్మతి కాదు. హాస్టల్ పిల్లలకు ఇది మరీ ముఖ్యం. ‘సార్ చెప్పారు’ అంటే కాదనే ధైర్యం వాళ్లకు ఉండదు.
- పెన్ను, జామెట్రీ బాక్సు, బిస్కెట్ పాకెట్ లాంటివి ఆశపెట్టకూడదు.

సమ్మతి నిజమైనదేనా అని తెలుసుకోవడానికి ఒక దారి ఉంది. ఎంతమంది వద్దన్నారో అడగండి. అరవై మందిలో ఒక్కరూ వద్దనలేదంటే అందరూ ఇష్టపడ్డారని కాదు. అడిగిన తీరులోనే ఏదో తప్పు ఉంది. ఇంకో దారి కూడా ఉంది. ఇద్దరు ముగ్గురు తల్లుల్ని ‘ఈ కాగితంలో ఏముందమ్మా’ అని మామూలుగా అడగండి. ‘రక్తం తక్కువ ఉందో లేదో చూస్తారంట’ అని వస్తే పని అక్కడే ఆపించండి.

5. ‘సికిల్ సెల్ చేశారు కదా, ఇదీ అంతే’ అంటే

ఈ మాట తప్పకుండా వస్తుంది. సికిల్ సెల్ అంటే తల్లిదండ్రుల నుంచి పిల్లలకు వచ్చే రక్త జబ్బు. 2023 జులైలో మొదలైన జాతీయ సికిల్ సెల్ మిషన్ కింద గిరిజన ప్రాంతాల్లో పిల్లలకు రక్త పరీక్షలు జరుగుతున్నాయి. అది మంచి పనే. ఆ పరీక్షలో ఫలితం బిడ్డ చేతికి కార్డుగా వస్తుంది, మందులు మొదలవుతాయి. దాన్ని ఆపకండి. కానీ సికిల్ సెల్ కోసమో, రక్తం గ్రూపు కోసమో, హిమోగ్లోబిన్ కోసమో తీసిన రక్తంలో మిగిలిన చుక్కలతో చెప్పకుండా హెచ్‌ఐవీ చూడడానికి వీల్లేదు. రక్త పరీక్ష శిబిరం ఏదైనా సరే, ‘ఈ నమూనాలో ఏమేం చూస్తారు, మిగిలింది ఏం చేస్తారు’ అని రాతపూర్వకంగా అడిగి తీసుకోండి. ఇది చాలా చిన్న పని. ఎవరూ అడగరు కాబట్టే ఇబ్బంది వస్తుంది.

6. ఏ ప్రశ్నలు అడుగుతారో ముందే చదవండి

రక్తం మాట పక్కన పెట్టి ప్రశ్నపత్రం తెప్పించుకోండి. ‘ఎవరితోనైనా శారీరక సంబంధం ఉందా’ లాంటి ప్రశ్నలు ఉంటే జాగ్రత్త. 2012 పోక్సో చట్టం ప్రకారం 18 ఏళ్లలోపు బిడ్డ మీద లైంగిక నేరం జరిగిందని తెలిసినవాళ్లు పోలీసులకు చెప్పి తీరాలి. చెప్పకపోతే వాళ్లకే శిక్ష. అంటే ‘నువ్వు ఏం రాసినా ఎవరికీ చెప్పం’ అని పిల్లకు మాటిచ్చినవాళ్లు ఆ మాట నిలబెట్టుకోలేని పరిస్థితి రావచ్చు. ఆ పిల్ల నమ్మి రాసింది రేపు పోలీసు స్టేషన్‌కు చేరితే, ఇక జన్మలో ఎవరినీ నమ్మదు. కాబట్టి దేన్ని దాచగలరో, దేన్ని దాచలేరో ప్రశ్న అడగకముందే పిల్లలకు స్పష్టంగా చెప్పాలి. చెప్పే ధైర్యం లేకపోతే ఆ ప్రశ్న అడగకూడదు.

7. ఫలితం విషయంలో ఏం జరుగుతుందో తెలుసుకోండి

ఒక చిన్న లెక్క. వెయ్యి మంది పిల్లల్లో నిజంగా ఒకరికే హెచ్‌ఐవీ ఉందనుకుందాం. పరీక్ష చాలా మంచిది, లేనివాళ్లలో నూటికి 99.5 మందికి సరిగ్గా ‘లేదు’ అని చెబుతుందనుకుందాం. అయినా మిగిలిన 999 మందిలో దాదాపు ఐదుగురికి పొరపాటున పాజిటివ్ గీత పడుతుంది. అంటే ఆ ఆరు గీతల్లో ఐదు తప్పు. మన దేశంలో 2021 అంచనా ప్రకారం 15 నుంచి 49 ఏళ్ల వాళ్లలోనే హెచ్‌ఐవీ ఉన్నవాళ్లు 0.21 శాతం. అందుకే ఐసీటీసీలో ఒక్క కిట్‌తో పాజిటివ్ అని తేల్చరు. వేర్వేరు పద్ధతుల్లో పనిచేసే మూడు కిట్లతో చూసి చెబుతారు. బడి వరండాలో బల్ల వేసుకుని ఒక్క కిట్‌తో చేసే పరీక్షను పరీక్షగా లెక్కపెట్టకండి.

నెగిటివ్ వచ్చినా పూర్తి భరోసా కాదు. వైరస్ ఒంట్లోకి వచ్చిన తర్వాత పరీక్షలో కనపడడానికి మూడు నెలల దాకా పట్టవచ్చు. ‘నాకు లేదు’ అని చీటీ పట్టుకుని ధైర్యంగా తిరిగే కుర్రాడికి ఇది ఎవరూ చెప్పకపోతే మేలు కన్నా కీడే ఎక్కువ.

నన్ను అన్నిటికన్నా ఎక్కువ కలవరపెట్టేది వేరే ఉంది. మీ క్లాసులో పుట్టుకతోనే హెచ్‌ఐవీ ఉన్న బిడ్డ ఇప్పటికే కూర్చుని ఉండవచ్చు. రోజూ మందు వేసుకుంటూ, బాగా చదువుతూ. కొందరికి ఆ మందు దేనికో కూడా ఇంకా తెలియదు, ‘బలానికి’ అని తల్లి చెప్పి ఉంటుంది. ‘రేపు అందరికీ హెచ్‌ఐవీ పరీక్ష’ అని ప్రార్థనలో ప్రకటిస్తే, తెలిసిన బిడ్డ ఆ రాత్రి నిద్రపోడు, మర్నాడు బడికి రాడు. తెలియని బిడ్డకు తల్లి నోట వినవలసిన మాట ఎవరో ముక్కూమొహం తెలియని మనిషి నోట వినిపిస్తుంది. బడికి ఎవరూ చెప్పి ఉండకపోవచ్చు, చెప్పవలసిన అవసరమూ లేదు. అందుకే ప్రతి క్లాసులో అలాంటి బిడ్డ ఒకరు ఉన్నట్టే అనుకుని నడుచుకోండి.

8. వద్దన్న తర్వాత ఏం చేయాలి

వద్దని ఊరుకుంటే సరిపోదు. పిల్లలకు నిజంగా కావలసినవి సమాచారం, ఆసుపత్రికి దారి. ఈ రెండూ స్కూల్లోనే ఇవ్వవచ్చు.

ప్రశ్నల పెట్టె పెట్టండి. పేరు లేకపోవడం నిజంగా పనికొచ్చేది ఇక్కడే. ఒకే సైజు కాగితాలు అందరికీ ఇవ్వండి. అడగడానికి ఏమీ లేనివాళ్లు కూడా ఖాళీ కాగితం మడిచి వేయాలి, అప్పుడే ఎవరు రాశారో తెలియదు. తెలుగులో రాయడం రానివాళ్లు తెలుగు మాటల్నే ఒడియా అక్షరాల్లోనో, మరాఠీ లిపిలోనో రాయవచ్చని చెప్పండి. క్లాసు టీచరు పెట్టె తెరవకూడదు, చేతిరాత గుర్తుపట్టేస్తారు. ఐసీటీసీ కౌన్సెలర్‌ను పిలిపించి, ఆయనో ఆవిడో చదివి జవాబు చెప్పేలా ఏర్పాటు చేయండి. తెలుగు వచ్చిన కౌన్సెలర్ దొరక్కపోతే, తెలుగు వచ్చిన ఏఎన్‌ఎంనో ఆశా కార్యకర్తనో పక్కన కూర్చోబెట్టండి. అయితే ఆవిడ అదే ఊరి మనిషి కాకుండా చూసుకోండి. చివరికి కాగితాలన్నీ అక్కడే కాల్చేయండి.

కిశోర వయసు పిల్లల కోసం ప్రభుత్వాసుపత్రుల్లో ప్రత్యేక క్లినిక్‌లు ఉంటాయి. ఒడిశాలో ‘శ్రద్ధ’ అనీ, మహారాష్ట్రలో ‘మైత్రి’ అనీ అంటారు. అవి ఏ రోజుల్లో తెరుస్తారో కనుక్కుని నోటీసు బోర్డు మీద 1097, 1098 నంబర్లతో పాటు రాసి పెట్టండి. 1098 ఆపదలో ఉన్న పిల్లల కోసం.

ఇంకో దారి కూడా చెప్పండి. ఊళ్లో ఎవరైనా చూస్తారని భయపడేవాళ్లు హద్దు దాటి వెళ్లవచ్చు. పర్లాకిమిడి వాళ్లకు పాతపట్నం పక్కనే, రాయగడ వాళ్లకు పార్వతీపురం, సిరొంచ వాళ్లకు గోదావరి దాటితే తెలంగాణ. దెగ్లూర్, ధర్మాబాద్ వైపు వాళ్లు నిజామాబాద్ వెళ్తుంటారు. ఐసీటీసీకి ఏ జిల్లావాళ్లయినా వెళ్లవచ్చు.

9. ఇప్పటికే పరీక్ష జరిగిపోయి ఉంటే

టెన్షన్ పడి పిల్లల్ని వరుసగా పిలిచి ‘నీకేమన్నారు’ అని అడగకండి. ఇది అన్నిటికన్నా పెద్ద తప్పు. ముందు కాగితాలు వెతకండి. కోడ్ నంబర్ల జాబితా, చీటీల అడుగు ముక్కలు, సెల్‌ఫోన్లో తీసిన ఫొటోలు, వాట్సాప్ గ్రూపులో పెట్టిన జాబితా ఎక్కడెక్కడ ఉన్నాయో చూడండి. సంస్థకు ఉత్తరం రాసి వాటన్నిటి వివరం అడగండి. పేరుకూ నమూనాకూ లంకె ఉంటే ఆ సంగతి జిల్లా ఎయిడ్స్ నియంత్రణ విభాగానికి చెప్పండి. అప్పుడు పాజిటివ్ అని తేలిన బిడ్డ తల్లిదండ్రులను ఐసీటీసీ కౌన్సెలరే కలుసుకుంటారు, మీరు కాదు. 2017 హెచ్‌ఐవీ చట్టం కింద ఫిర్యాదులు వినడానికి రాష్ట్ర ప్రభుత్వం నియమించే అంబుడ్స్‌మన్ ఉంటారు. వివక్ష జరిగితే, గుట్టు రట్టయితే ఆ దారిలో వెళ్లవచ్చు.

10. ఒక బిడ్డ తనే వచ్చి ‘నాకు పరీక్ష చేయించాలి సార్’ అంటే

‘ఎందుకు, ఎవరితో’ అని అడగకండి. ‘మంచి పని చేశావు, చెప్పావు’ అనండి. అఘాయిత్యమో, సూది గుచ్చుకోవడమో జరిగిందని తెలిస్తే మాత్రం గంటలు లెక్కపెట్టుకోవాలి. వైరస్ అంటకుండా ఇచ్చే మందు 72 గంటల్లోపు మొదలుపెట్టాలి, ఎంత త్వరగా అయితే అంత మంచిది. 28 రోజులు వాడాలి. అది ప్రభుత్వాసుపత్రిలో దొరుకుతుంది. నేరుగా అక్కడికే తీసుకెళ్లండి.

అలాంటిదేమీ లేకపోతే ముందు 1097కి ఆ బిడ్డ చేతే మాట్లాడించండి. దానికి ఎవరి సంతకమూ అక్కర్లేదు. పరీక్షకు మాత్రం తల్లిదండ్రుల సమ్మతి కావాలి, టీచరు వెంట వెళ్లినంత మాత్రాన చాలదు. ఇంట్లో చెప్పడానికి భయపడుతుంటే ఎలా చెప్పాలో కౌన్సెలర్‌తో కలిసి ఆలోచించండి. ఇంట్లోనే ప్రమాదం ఉందని అనిపిస్తే జిల్లా బాలల సంక్షేమ సమితికి చెప్పాలి.

ఆసుపత్రికి వెళ్లిన రోజు హాజరు పట్టీలో కారణం రాయకండి. మామూలు సెలవుగానే వేయండి. కౌన్సెలర్ నంబరు మీ ఫోన్లో ఉన్నా, ఆ బిడ్డ పేరు పక్కన మాత్రం ఎక్కడా రాసుకోకండి.